వెనక డోరా, విడి డిక్కీనా: స్పోర్టీ బండి కొనే ముందు సీటు వెనక రేకు చూడండి

నల్లగొండ నుంచి వచ్చిన ప్రశ్న ఇది: "2018 స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌ల దొరుకుతున్నది. లేదంటే ఇంచుమించు ఆ డబ్బులకే కొత్త ఫోక్స్‌వాగన్ వర్టస్ జీటీ వస్తది. ఆర్‌ఎస్‌కు అద్దంతో సహా వెనక డోరు మొత్తం లేస్తది, వర్టస్‌కు డిక్కీ విడిగ ఉంటది. వెనక పెద్ద డోరున్న బండి బాడీ వదులైతదని అంటున్నరు, నిజమేనా? నెలకు నాలుగైదు సార్లు హైదరాబాద్ పోతం, అప్పుడప్పుడు శ్రీశైలం. ఇద్దరు పిల్లలు. దేవరకొండ రోడ్డు మీద బత్తాయి తోట ఉన్నది, దాని సామాను కూడ బండిలనే పోతది."

మీరు విన్నదాంట్లో సగం నిజం. వెనక డోరు పెద్దదైనంత మాత్రాన బండి వదులు కాదు. ఆ డోరు కోసం లోపల తీసేసిన రేకుకు బదులు కంపెనీ ఏం పెట్టింది అన్నదాన్ని బట్టి ఉంటుంది.

అగ్గిపెట్టె లోపలి డబ్బీ తీసేసి, ఖాళీ తొడుగును ఎదురెదురు మూలల దగ్గర వేళ్లతో నొక్కండి. వెంటనే పక్కకు ఒరిగిపోతుంది. డబ్బీని మళ్లీ లోపలికి తోసి నొక్కండి, కదలదు. విడి డిక్కీ ఉన్న బండిలో ఆ డబ్బీ పని చేసేవి మూడు. వెనక సీటు వీపును ఆనుకొని ఉండే నిలువు రేకు. దాని పైన స్పీకర్లు బిగించే అడ్డ రేకు. ఇక మూడోది వెనక అద్దం, దీన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. సెడాన్‌లో వెనక అద్దాన్ని జిగురుతో బాడీకే అతికిస్తారు కాబట్టి అది కూడా ఒక పలకలాగా బాడీని పట్టి ఉంచుతుంది. లేచే డోరున్న బండిలో అద్దం డోరుతో పాటే లేస్తుంది, కాబట్టి బాడీకి దాని బలం అందదు. నిలువు రేకు, అడ్డ రేకు ఉండవు. వాటి జాగాలో ఉండేది పార్సిల్ ట్రే ఒక్కటే, అది సామాను కనపడకుండా కప్పడానికి తప్ప బలానికి పనికిరాదు.

ఈ లోటు పూడ్చడానికి డోరు చుట్టూ గట్టి ఉక్కుతో ఒక పూర్తి కంకణంలాగా చట్రం కడతారు: పైన కప్పు అంచున అడ్డపట్టీ, రెండు పక్కల మందమైన స్తంభాలు, కింద బంపర్ వెనక గట్టి దూలం. దీంతో బరువు పెరుగుతుంది. కొందరు సీట్ల వెనకనో, డిక్కీలోనో అడ్డంగా ఒక కడ్డీ వేస్తారు. నిస్సాన్ 350జెడ్‌లో ఆ కడ్డీ సరిగ్గా సామాను పెట్టే చోటే ఉంటుంది, సూట్‌కేసు కడ్డీకి ఇవతలో అవతలో సర్దుకోవాలి. ఈ సమస్య కంపెనీలకు పాతదే. అమెరికాలో ఫోర్డ్ ముస్తాంగ్ 1974 నుంచి 1993 దాకా లేచే వెనక డోరుతో కూడా వచ్చింది. 1994 మోడల్ నుంచి ఆ డోరు తీసేసి విడి డిక్కీకి పోయారు. బాడీ గట్టిదనం కోసమే ఆ నిర్ణయం. కార్వెట్‌లో కూడా 2001లో అన్నిటికంటే చురుకైన జెడ్06 తెచ్చినప్పుడు, వెనక పెద్ద అద్దం లేచే బాడీని కాదని విడి డిక్కీ ఉన్న గట్టి బాడీనే తీసుకున్నారు. టయోటా జీఆర్86 కూడా విడి డిక్కీ బండే. కాకపోతే దాని వెనక సీటు మడిస్తే నాలుగు టైర్లు పట్టేటట్టు చేశారు, ట్రాక్ మీదికి టైర్లు మోసుకుపోయేవాళ్లకు అది చాలు.

మన దగ్గర ఇంకో తికమక ఉంది. బయటి ఆకారం చూసి డోరు ఎట్లాంటిదో చెప్పలేం. ఇక్కడ అమ్మిన ముస్తాంగ్ కప్పు వెనక్కి జారినట్టుంటుంది, లేచేది మాత్రం చిన్న డిక్కీ మూతే. ఆక్టావియా చూడడానికి పక్కా సెడాన్, మూత ఎత్తితే అద్దం కూడా లేస్తుంది. టాటా కర్వ్, సిట్రోయెన్ బసాల్ట్, మహీంద్రా బీఈ 6 లాంటి కూపే ఆకారం బండ్లన్నిటికీ అద్దంతో లేచే డోరే. అందుకే షోరూంలో గానీ, అమ్మేవాళ్ల ఇంటి ముందు గానీ ముందు వెనక మూత తెరిపించండి, పార్సిల్ ట్రే తీయించండి, సీటు వీపు వెనక చేయి పెట్టి రేకు తగులుతుందో గుడ్డ తగులుతుందో చూడండి. వర్టస్‌లో సీటు 60:40గా మడుస్తారు కాబట్టి నిలువు రేకులో పెద్ద కిటికీ ఉంటుంది. అయినా పైన అడ్డ రేకు, అతికించిన అద్దం ఉంటాయి.

ఇప్పుడు రోడ్డు మీద తేడా ఎంత? డిండి దాటి శ్రీశైలం రోడ్డెక్కి, మన్ననూరు తర్వాత మలుపులు మొదలయ్యాక స్టీరింగ్‌లో ఏదో తేడా తెలుస్తుందని అనుకోకండి. మంచి స్థితిలో ఉన్న ఆర్‌ఎస్ బాడీ ఆ మలుపులకు సరిపోయినదానికంటే ఎక్కువే గట్టిగా ఉంటుంది. 2 లీటర్ల ఇంజన్, 230 పీఎస్ శక్తి, 350 ఎన్ఎం లాగే బలం (టార్క్), వెనక రెండు చక్రాలూ విడివిడిగా కదిలే మల్టీలింక్ సస్పెన్షన్: మలుపుల్లో అదే పైచేయి. వర్టస్ జీటీది 1.5 లీటర్, 150 పీఎస్, 250 ఎన్ఎం, వెనక రెండు చక్రాలనూ ఒకే దూలం కలిపే ట్విస్ట్ బీమ్. బాడీ మెలి తిరగడం మీ చేతికి కాదు, చెవికి తెలుస్తుంది. ఊళ్లో స్పీడ్ బ్రేకర్‌ను ఏటవాలుగా, ఒక్కో చక్రం ఒక్కోసారి ఎక్కేటట్టు దాటించండి. వెనకనుంచి కిర్రుమనో టక్కుమనో వినిపిస్తే అది మెలిక శబ్దం. కొత్త బండిలో రాదు. ఏడెనిమిదేండ్లు గతుకుల్లో తిరిగిన బండిలో, ముఖ్యంగా వెనక దెబ్బ తిన్నదాంట్లో వస్తుంది.

బాడీ గట్టిపడుతుందని వెనక స్ట్రట్ బార్ (రెండు షాకర్ల పై కొసలను కలిపే అడ్డ కడ్డీ) అమ్ముతారు, ఈ రెండు బండ్లకూ దాని మీద డబ్బులు పెట్టకండి. వెనక స్ప్రింగు, షాకరు వేర్వేరు చోట్ల ఉండే అమరికలో, పైన ఒక కడ్డీ బిగిస్తే పట్టి ఉంచేది చాలా తక్కువ. ఆ డబ్బులతో నాలుగు మంచి టైర్లు వేయించుకుంటే ఘాట్‌లో బ్రేకు కొట్టినప్పుడు ఫలితం వెంటనే తెలుస్తుంది.

తేడా ఎక్కువగా తెలిసేది హైదరాబాద్ రోడ్డు మీద. నార్కట్‌పల్లి దగ్గర 65వ జాతీయ రహదారి ఎక్కాక గంటకు 90, 100లో వెనక చక్రాల రొద లేచే డోరున్న బండిలో నేరుగా సీట్లలోకి వస్తుంది, ఎందుకంటే చక్రాల గూళ్లకూ పిల్లల చెవులకూ మధ్య రేకు లేదు. ఖాళీ డిక్కీ డప్పులాగా మోగుతుంది. దీనికి మందు ఉంది: రేకు మోతను పీల్చే 2 మిల్లీమీటర్ల జిగురు రబ్బరు షీట్ (బ్యూటైల్ డంపింగ్ షీట్). రేకంతా నింపాల్సిన పని లేదు, ఒక్కో రేకు నడిమధ్యలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా అతికిస్తే మోత తగ్గిపోతుంది. ముందు చక్రాల గూళ్లు, తర్వాత స్టెప్నీ గుంత, ఆ తర్వాత డోరు లోపలి రేకు. అతికించే ముందు రేకును స్పిరిట్‌తో తుడవాలి, రోలర్‌తో గట్టిగా ఒత్తాలి, లేకపోతే మే నెల ఎండకు ఊడి వేలాడుతుంది. డోరు మీద మరీ ఎక్కువ వేస్తే బరువు పెరిగి డోరును ఎత్తి పట్టే గ్యాస్ షాకర్లు దాన్ని నిలపలేవు.

ఎండ విషయం నల్లగొండ వాళ్లకు విడిగా చెప్పాలి. జారుగా ఉన్న పెద్ద వెనక అద్దం నడినెత్తి మీది ఎండను నిలువు అద్దం కంటే ఎక్కువ లోపలికి తెస్తుంది. కూపే వాలు ఎక్కువయ్యే కొద్దీ ఆ అద్దం అంచు వెనక కూర్చున్న పిల్లల తలల దగ్గరికి వస్తుంది. పైగా ఏసీ చల్లబరచాల్సిన గాలిలో డిక్కీ గాలి కూడా కలుస్తుంది, ట్రే గాలిని ఆపదు. నల్ల ఫిల్మ్ వేస్తే సరి అనుకోవద్దు. 2012లో సుప్రీంకోర్టు అద్దాలకు నల్ల ఫిల్ములు అంటించడాన్ని ఆపేసింది. నిబంధన ప్రకారం ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు లోపలికి రావాలి. ఆగి ఉన్నప్పుడు వెనక అద్దానికి బయటినుంచి తెల్ల గుడ్డ కప్పండి, కదిలేటప్పుడు ట్రే మూసే ఉంచండి. బండి తీసిన మొదటి రెండు నిమిషాలు నాలుగు అద్దాలూ దించి వేడి గాలి పోనిచ్చి, అప్పుడు ఏసీ లోపలి గాలి మీద పెట్టండి.

మీరు రాసిన అన్నిటిలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది తోట సామాను. బత్తాయిలు అయితే ఏ బండైనా పరవాలేదు. పురుగుమందు డబ్బాలు, ఎరువుల బస్తాలు అయితే లేచే డోరున్న బండిలో పెట్టనే పెట్టకండి. పిల్లలు పీల్చే గాలీ డిక్కీ గాలీ ఒకటే. డబ్బా మూత దగ్గర కొంచెం కారినా ఎండకు ఆవిరై, ఏసీలో తిరిగి తిరిగి వాళ్ల మీదికే వస్తుంది. సీటు గుడ్డకు పట్టిన వాసన కడిగినా పోదు. విడి డిక్కీ కూడా పూర్తిగా మూసిన పెట్టె కాదు, మడిచే సీటు సందుల్లోంచి గాలి వస్తుంది, కాకపోతే చాలా తక్కువ. అక్కడ కూడా డబ్బాలను మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డ్రమ్ములో నిలబెట్టి, ఏసీని బయటి గాలి మీద పెట్టి, పిల్లలు లేనప్పుడే తేవాలి. అన్నిటికంటే మంచిది ట్రాలీ ఆటోలో పంపడం. ఇక యూరియా, పొటాష్ గుళికలు కార్పెట్ కింద స్టెప్నీ గుంతలోకి జారితే గాలిలోని తేమను పీల్చుకొని అక్కడి రేకును తుప్పు పట్టిస్తాయి. బస్తా కింద మందపాటి తార్పాలిన్ అంచులు పైకి మడిచి వేయండి, నెలకోసారి కార్పెట్ ఎత్తి ఊడ్చండి.

సామాను కొలత లీటర్లలో చూసి మోసపోవద్దు. ఆక్టావియా డిక్కీ 590 లీటర్లు, సీట్లు మడిస్తే 1,580. వర్టస్‌ది 521. కాగితం మీద 69 లీటర్లే తేడా. అసలు తేడా నోటి దగ్గర ఉంటుంది. సెడాన్ డిక్కీ లోపల ఎంత లోతున్నా నోరు చిన్నది, చాలా సెడాన్లలో మూత కమ్మీలు వంగి సామాను మీదికే దిగుతాయి. బత్తాయి క్రేటు తీసుకుపోయి పెట్టి చూడండి, లేదంటే టేపుతో మూడు కొలతలు రాసుకోండి: నోటి ఎత్తు, నోరు అన్నిటికంటే ఇరుకుగా ఉన్న చోట వెడల్పు, మూత మూసినప్పుడు కమ్మీ దిగే చోట మిగిలే ఎత్తు. మూడో కొలత క్రేటు ఎత్తు కంటే తక్కువైతే క్రేటు లోపలికి పోయినా మూత పడదు. టీవీ పెట్టె, సైకిలు, కూలర్ లాంటివి తేవాలంటే మాత్రం లేచే డోరుకు సాటి లేదు.

లేచే డోరు బండిలో సామాను సీటు వీపు ఎత్తు దాటకూడదు. యూరప్‌లో సీటు వీపు బలాన్ని గంటకు 50 కిలోమీటర్ల వేగంలో ఒక్కోటి 18 కిలోల రెండు పెట్టెలతో పరీక్షిస్తారు. మూడు నాలుగు క్రేట్ల బత్తాయిలు ఆ బరువును సులువుగా దాటుతాయి. క్రేట్లను సీటు వీపుకు ఆనించి, ఒకదాని మీద ఒకటి కాకుండా పక్కపక్కన పెట్టి, నేల మీది కొక్కేలకు బెల్టుతో బిగించండి. సామాను పట్టక డోరును తాడుతో కట్టి సగం తెరిచి నడపడం మన దగ్గర రోజూ కనిపించేదే. అది చాలా ప్రమాదం. కదిలే బండి వెనక గాలి ఒత్తిడి తగ్గి, సైలెన్సర్ పొగ ఆ సందులోంచి లోపలికి లాగబడుతుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, వెనక సీట్లో నిద్రపోయిన పిల్లలకు ముందు తగిలేది అదే.

ఇక ఆ 2018 ఆర్‌ఎస్‌ను చూసే పద్ధతి. ఇంజన్ సంగతి మెకానిక్ చూస్తాడు, మీరు వెనక భాగం మీద అరగంట పెట్టండి. పొద్దున ఎండ పడే దిక్కుకు వెనక భాగం తిప్పి నిలబెట్టించండి. డోరుకూ బాడీకీ మధ్య సందు ఎడమ, కుడి ఒక్కలాగే ఉండాలి. రూపాయి బిళ్ల అంచును సందు పొడవునా జరుపుతూ పోతే తేడా చేతికే తెలుస్తుంది. కప్పు దగ్గర డోరు కీళ్ల బోల్టుల మీది పెయింటు పగిలి ఉంటే డోరు ఒకసారి ఊడదీసినట్టే. కార్పెట్, స్టెప్నీ తీసి గుంత అంచుల్లో రేకు ముడతలు, బ్రష్‌తో పూసినట్టున్న సీలెంట్, వరస తప్పిన వెల్డింగు చుక్కలు ఉన్నాయేమో టార్చితో చూడండి. సెడాన్‌కు వెనక దెబ్బ తగిలితే మూత, డిక్కీ అడుగు పోతాయి, మారుస్తారు. లేచే డోరు బండికి ఆ కంకణం వంగితే టింకరింగ్‌లో ఎంత లాగినా మునుపటిలా సరిగ్గా కూర్చోవడం కష్టం, ఆ తర్వాత నీళ్లు కారడం, మోత ఎప్పటికీ పోవు. ఈ గుర్తుల్లో ఏ రెండు కనిపించినా ఆ బండి వదిలేయండి, ధర ఎంత తగ్గించినా సరే.

తర్వాత జాకీ పరీక్ష. చదును నేల మీద హ్యాండ్ బ్రేకు వేసి, ముందు చక్రాలకు రాళ్లు పెట్టి, వెనక ఎడమ జాకీ పాయింటు దగ్గర చక్రం నేల విడిచేదాకా ఎత్తండి. కిందికి ఎవరూ దూరకూడదు. ఇప్పుడు వెనక డోరు మెల్లగా తెరిచి మూయండి. మామూలుగానే పడితే బాడీ బాగుంది. గొళ్లెం తగలక అడ్డం పడినా, సందు ఒక పక్క కంటికి తెలిసేంత మారినా కంకణం దెబ్బ తిన్నట్టు. రెండో పక్కా ఇట్లాగే చేయండి.

డోరు చుట్టూ ఉండే రబ్బరు అంచు (బీడింగ్) పట్టును కాగితంతో చూడొచ్చు. న్యూస్ పేపర్ ముక్క పెట్టి డోరు మూసి లాగండి, పది పన్నెండు చోట్ల. జారి వచ్చేస్తే అక్కడ నీళ్లూ దుమ్మూ రోడ్డు రొదా లోపలికి వస్తాయి. పైపుతో నీళ్లు కొట్టేటప్పుడు కింది నుంచి మొదలుపెట్టి పైకి పోవాలి. పై నుంచి మొదలుపెడితే ఎక్కడినుంచి కారిందో తెలియదు.

డోరు టక్‌టక్ అంటుంటే వెంటనే పెద్ద రిపేరు ఒప్పుకోకండి. బాడీ వైపున్న గొళ్లెం కడ్డీకి గుడ్డ టేపు ఒక చుట్టు చుట్టి పది కిలోమీటర్లు తిప్పండి. మోత పోతే వదులు గొళ్లెం దగ్గరే. కడ్డీ ఇప్పుడున్న చోటును మార్కర్‌తో గీసుకొని, బోల్టులు కొద్దిగా వదులు చేసి, 1 మిల్లీమీటరు లోపలి వైపు జరిపి బిగించండి. డోరు మూలల్లో తిప్పే రబ్బరు బుడిపెలు ఉంటే రెండు పక్కలా సమానంగా అరచుట్టు చొప్పున బయటికి తిప్పండి. మరీ ఎక్కువ తిప్పితే డోరు వేయడానికి గట్టిగా కొట్టాల్సి వస్తుంది, అద్దం మీద ఒత్తిడి పడుతుంది. టేపు చుట్టినా మోత పోకపోతే పార్సిల్ ట్రే మేకులు, సీటు వీపు గొళ్లెం, స్టెప్నీ దగ్గర పానాలు ఒక్కొక్కటే తీసి తిప్పి చూడాలి.

గ్యాస్ షాకర్ల గురించి ఒక లెక్క. లోపలి నైట్రోజన్ ఒత్తిడి వేడితో పెరుగుతుంది. 15 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు పోతే ఎత్తే బలం దాదాపు 10 శాతం ఎక్కువ. అందుకే జనవరి తెల్లవారుజామున కొద్దిగా దిగజారే డోరు మేలో టక్కున లేస్తుంది, అది జబ్బు కాదు. మే నడి ఎండలో కూడా తల మీదికి దిగుతుంటే షాకర్లు అయిపోయినట్టే. మార్చేటప్పుడు జతగానే మార్చాలి, ఒక్కటే కొత్తదైతే డోరు వంకరగా లాగబడుతుంది. పాత షాకర్ మీద న్యూటన్లలో రాసిన అంకెకు సరిపోయేదే తీసుకోండి. తీసే ముందు డోరు కింద కర్ర ఆసరా పెట్టి, బంతి కీలు మీది క్లిప్పును చిన్న స్క్రూడ్రైవర్‌తో పూర్తిగా ఊడకుండా కొద్దిగా లేపితే చాలు. స్పాయిలర్ బయటనుంచి బిగించినవాళ్లకు షాకర్లు తొందరగా పోతాయి, ఎత్తే బరువు పెరిగింది కాబట్టి.

కీళ్ల దగ్గర రబ్బరు తొడుగులోంచి డోరులోకి పోయే వైర్లు చూడండి. వేలసార్లు వంగి లోపల తెగుతాయి. నంబర్ ప్లేటు లైటు, డీఫాగర్, రిమోట్ లాక్‌లలో ఒకటి వస్తూ పోతూ ఉంటే అనుమానం అక్కడే. మెలిపెట్టి టేపు చుట్టే అతుకు ఆరు నెలలు కూడా నిలవదు. మెత్తని బహుళపోగుల వైరు ముక్క వేసి, అతుకు వంగని చోటుకు జరిపి టంకం పెట్టించాలి. బీమాలో అద్దానికి తరుగు కోత ఉండదు గానీ రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు 50 శాతం కోస్తారు. డోరుతో పాటు బీడింగ్, స్పాయిలర్, లైటు పోతే మీ జేబుకు తగిలేది అక్కడే, కాబట్టి తరుగు కోత లేని జీరో డిప్రిసియేషన్ బీమా దొరికితే తీసుకోండి. ఆర్‌ఎస్ కొంటే దాని ఆటోమేటిక్ గేర్‌బాక్స్ (డీఎస్‌జీ) ఆయిల్ 60,000 కిలోమీటర్లకు మార్చిన బిల్లు కూడా అడగండి.

ఏది తీసుకోవాలంటే, పురుగుమందులు, ఎరువులు ఈ బండిలోనే రావాలంటే వర్టస్ తీసుకోండి. ఇద్దరు పిల్లలున్న ఇంటికి అక్కడితో లెక్క తేలిపోతుంది, 230 పీఎస్ కోసం దాన్ని మార్చకండి. తోట సామాను ట్రాలీకి అప్పగించి, బత్తాయి క్రేట్లు మాత్రమే బండిలో తెస్తానంటే, జాకీ పరీక్షలో నెగ్గిన ఆర్‌ఎస్‌ను వదులుకోవద్దు. కొన్న మొదటి వారమే చక్రాల గూళ్లకు షీట్ వేయించి, బీడింగ్‌కు సిలికాన్ గ్రీజు పట్టించి, గొళ్లెం కడ్డీ దగ్గర మార్కర్ గీత గీసి పెట్టుకోండి. ఏడాది తర్వాత కడ్డీ ఆ గీత మీదే ఉందో లేదో చూస్తే, గొళ్లెం వదులై జరిగిందా లేదా అన్నది ఏ మెకానిక్‌నూ అడగకుండానే మీకు తెలుస్తుంది.